ఆ కాగితం దాచకు బేటా

మా మిద్దె ఎక్కితే ఒక పక్క హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న పహాడీ కనిపిస్తుంది. ఇంకో పక్క, దక్షిణం దిక్కున, శంషాబాద్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి. మా పిల్లలకు ఈ రెండూ పుట్టినప్పటి నుంచీ ఉన్నవే. నాకు అలా కాదు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలయ్యేదాకా పహాడీ షరీఫ్ అంటే జియారత్‌కు వచ్చే జనం, షాబాన్‌లో ఉర్సు, మెట్ల కింద పూలూ అగర్‌బత్తీల దుకాణాలు. విమానం దగ్గరగా చూడాలంటే బేగంపేట పోవాల్సిందే. ఇప్పుడు ఫజర్ అజాన్‌కు ముందే విమానాల చప్పుడు మమ్మల్ని లేపుతోంది.

పోయిన చలికాలం ఒక రాత్రి, ఇషా చదివి ఇంటికొచ్చేసరికి మావాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడతాడు. అది నాకు తెలుసు. తెలియనిది పక్కనున్న కాగితం. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించినది. పైన హైదరాబాద్ ఎయిర్‌పోర్టు పేరు, వీఓహెచ్‌ఎస్ అని నాలుగక్షరాల కోడు, మధ్యలో గీతలు, బాణాలు, వలయాలు, అంకెలు, అడుగున ఒక పట్టిక.

నా నోటి నుంచి వచ్చిన మొదటి సవాల్ "ఏంది బేటా ఇది?" అని కాదు. "ఇది ఎవరన్నా చూసిన్రా?" అని.

"జిరాక్స్ అంకుల్ చూసిండు అబ్బా. ఏందిది అనడిగిండు. ఎయిర్‌పోర్టు మ్యాప్ అని చెప్పిన" అన్నాడు.

నా గుండె జల్లుమంది. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి బీరువాలో బట్టల కింద పెట్టేశాను. "ఇట్లాంటివి ఇంట్ల పెట్టుకోకు" అన్నాను. "ఎందుకు అబ్బా?" అనడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి చెప్పని జవాబే ఇప్పుడు రాస్తున్నాను. మావాడి కోసమే కాదు, ఇలాంటి పిల్లలున్న మీ అందరి కోసం.

జవాబు నాకు తెలియక కాదు. 2007 మే 18, జుమా రోజు, మక్కా మస్జిద్‌లో పేలుడు జరిగినప్పుడు నేను ఇరవైల్లో ఉన్న కొత్త రిపోర్టర్ని. తర్వాత పాతబస్తీ కుర్రాళ్ళు చాలామంది పట్టుబడ్డారు. తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలేశాయి. కానీ బేకసూర్ అని తేలేలోపు చదువుల మీద, నౌకరీల మీద, కుదిరిన రిష్తాల మీద పడాల్సిన దెబ్బ పడిపోయింది. ఆ గల్లీల్లో తిరిగినవాడికి ఎయిర్‌పోర్టు నక్షా కొడుకు చేతిలో కనిపిస్తే ఏమనిపిస్తుందో వేరే చెప్పాలా?

ఇది మన హైదరాబాద్ ఖౌఫ్ మాత్రమే కాదు. 2015 సెప్టెంబర్‌లో అమెరికాలోని టెక్సాస్‌లో అహ్మద్ మొహమ్మద్ అనే పద్నాలుగేళ్ళ పిల్లాడు ఇంట్లో తయారుచేసిన గడియారాన్ని టీచర్‌కు చూపించాలని స్కూలుకు తీసుకెళ్తే, అది బాంబులా ఉందని చేతులకు బేడీలు వేశారు. తర్వాత ప్రెసిడెంట్ ఒబామా స్వయంగా వైట్ హౌస్‌కు రమ్మని పిలిచాడు, అది వేరే సంగతి. బేడీలైతే పడ్డాయి కదా. 2001 సెప్టెంబర్ 11 తర్వాత విమానాల మీద ఇష్టం చూపించే ముస్లిం పిల్లాడిని లోకం ఒక్క క్షణం ఎక్కువ చూస్తుంది. మన ఇళ్ళల్లో అమ్మీలకు, దాదీలకు ఇది ఎవరూ చెప్పనవసరం లేదు.

కాబట్టి నా ఫికర్ అబద్ధం కాదు. కానీ దాన్ని నేను ఏం చేశాను? మడిచి కొడుక్కి విరాసత్‌గా ఇచ్చేశాను. నువ్వు ఏ తప్పూ చేయకపోయినా నీ పుస్తకం నిన్ను ముల్జిమ్‌ను చేస్తుంది, అందుకని దాచుకో అని నేర్పాను. ఇల్మ్‌ను దాచుకోవాల్సిన వస్తువుగా చూపించాను. షక్ చేసేవాడు చేసే పని నేనే ముందుగా నా ఇంట్లో చేసేశాను.

తెల్లారి ఫజర్ తర్వాత మావాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. అలిగినట్టు లేడు. "అబ్బా, ఇది చూడుండ్రి" అని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వాళ్ళ ఏఐపీ తెరిచాడు. ఏఐపీ అంటే ఏరోనాటికల్ ఇన్ఫర్మేషన్ పబ్లికేషన్. దేశంలోని ఎయిర్‌పోర్టుల వివరాలు, రన్‌వేల పొడవు, రేడియో ఫ్రీక్వెన్సీలు, దిగే దారుల చార్టులు అన్నీ అందులో ఉన్నాయి. పాస్‌వర్డ్ లేదు, ఫీజు లేదు. నేను బీరువాలో దాచింది సర్కారు స్వయంగా లోకానికి పంచిపెట్టిన కాగితం.

ఎందుకు పంచుతారో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. శంషాబాద్‌ను ఎన్నడూ చూడని పైలట్ రాత్రి మూడింటికి, మబ్బుల్లో, మూడు వందల మంది ముసాఫిర్లతో ఇక్కడ దిగాలి. దారి అతనికి ఎవరు చెప్పాలి? 1944లో చికాగోలో దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ఒడంబడికలో ఇండియా కూడా ఉంది. ఆ ఒడంబడిక కింద ప్రతి దేశం తన ఎయిర్‌పోర్టుల వివరాలను అందరికీ అర్థమయ్యే ఒకే పద్ధతిలో ప్రకటించాలి. అంతకు ముందు పైలట్లు ఎవరి తిప్పలు వాళ్ళు పడేవాళ్ళు. అమెరికాలో ఉత్తరాల విమానాలు నడిపిన ఎల్రీ జెప్పెసన్ అనే పైలట్ పది సెంట్లు పెట్టి కొన్న చిన్న నోట్‌బుక్‌లో ఏ కొండ ఎంతెత్తు, ఏ మైదానం ఎంత పొడవు అని రాసుకునేవాడు. తోటి పైలట్లు అడిగితే 1934 నుంచి కాపీలు అమ్మడం మొదలుపెట్టాడు. నేటికీ విమానాల్లో జెప్పెసన్ పేరుతో చార్టులు వాడుతున్నారు. అంటే ఈ ఇల్మ్ పుట్టిందే పంచుకోవడం వల్ల. ఈ నక్షాను దాచితే ప్రాణాలు పోతాయి, పంచితే నిలుస్తాయి.

బీరువా తెరిచి కాగితం తీసి వాడికిచ్చాను. "నాకూ నేర్పు" అన్నాను.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాడిని. కుడి నుంచి ఎడమకు చదవడం ముందు వచ్చింది. తెలుగు గుణింతాలు ఆలస్యంగా పట్టుబడ్డాయి, అదే తెలుగులో డిగ్రీ చేశాను. నలభై దాటాక ఇది మూడో లిపి. ఉర్దూలో జేర్, జబర్ రాయకపోయినా చదివేవాడు సందర్భం బట్టి పట్టేస్తాడు. కానీ ఒక్క నుక్తా పెరిగితే దువా కాస్తా దగా అవుతుంది. చార్టులో సందర్భం బట్టి పట్టేయడం అనేదే లేదు. రాసింది రాసినట్టు చదవాలి. అంకె పైన గీత ఉంటే ఆ ఎత్తు దాటి పైకి పోకూడదు, కింద గీత ఉంటే దానికి దిగువకు రాకూడదు, రెండు గీతలూ ఉంటే సరిగ్గా అంతే. ఒక్క గీతకు అంత విలువ.

మావాడు చెప్పినట్టు చార్టును నాలుగు ముక్కలుగా చూడాలి. పైన ఫ్రీక్వెన్సీలు, దిశ, రన్‌వే ఎత్తు లాంటి ముఖ్యమైన సంగతులు. మధ్యలో పక్షి కళ్ళతో పైనుంచి చూసినట్టున్న దారి. దాని కింద అదే దారిని పక్క నుంచి చూసినట్టు, మెట్లలా దిగే గీత. అడుగున కనిష్ఠాల పట్టిక, అంటే ఎంత ఎత్తు వరకు దిగొచ్చు, ఎంత దూరం కనిపించాలి అన్నది. మూలలో 25 నాటికల్ మైళ్ళ వలయం ఉంటుంది. ఆ వలయంలో ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉంటే కింద ఉన్న కొండలకు, టవర్లకు కనీసం 1000 అడుగుల పైన ఉన్నట్టో అది చెబుతుంది.

మొదటి రోజు నేను చేసిన గల్తీ చెప్తాను, నవ్వుకోండి. రన్‌వే 27 మీద దిగే ఐఎల్‌ఎస్. ఐఎల్‌ఎస్ అంటే నేల నుంచి వచ్చే రెండు రేడియో కిరణాలు. లోకలైజర్ అనేది కుడి ఎడమలు చెబుతుంది, గ్లైడ్ స్లోప్ అనేది పైన కింద చెబుతుంది. రెండు సూదులనూ మధ్యలో ఉంచుకుంటూ దిగాలి. తెర మీద అంతా తెల్లటి పొగమంచు. ఎత్తు చూపే మీటరు 2200 అంటోంది. ఇంకా రెండు వేల అడుగులు ఉంది కదా అని నిమ్మళంగా చాయ్ కప్పు అందుకోబోయాను. ధడ్ మని నేల తగిలింది.

మీటరు సముద్రమట్టం నుంచి లెక్క చెబుతుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టే సముద్రానికి 2024 అడుగుల ఎత్తున ఉంది. మనం దక్కన్ పీఠభూమి మీద బతుకుతున్నామని స్కూల్లో జుగ్రాఫియా పాఠం చదివాను, కానీ ఆ మాట అర్థం అయింది ఆ రోజే. మీటరు 2200 చూపిస్తే నేల మీద నుంచి 200 అడుగుల లోపే ఉన్నట్టు. మామూలు ఐఎల్‌ఎస్‌లో నిర్ణయం తీసుకోవాల్సిన ఎత్తు దాదాపు అదే. రన్‌వే దీపాలు కనిపిస్తే దిగు, కనిపించకపోతే పైకి లెయ్. ఆలోచించడానికి అక్కడ టైం ఉండదు.

తర్వాత హిసాబ్ నేర్చుకున్నాను. దారి మూడు డిగ్రీల వాలు. అంటే ఒక్కో నాటికల్ మైలుకు సుమారు 318 అడుగులు దిగాలి. పది మైళ్ళ దూరంలో ఉంటే నేల మీద నుంచి 3180 అడుగులు, మన మీటరు మీద సుమారు 5200. వేగం 140 నాట్లు ఉంటే దాన్ని ఐదుతో గుణించాలి. నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగితే దాదాపు సరిపోతుంది. మావాడు కాలేజీలో ట్రిగొనోమెట్రీ అంటే మొహం మాడ్చుకుంటాడు. ఇక్కడ అదే టాంజెంట్‌ను నాకు కాగితం మీద గీసి మరీ చెప్పాడు. ట్యూషన్‌కు కట్టిన డబ్బులు గుర్తొచ్చి నేనేమీ అనలేదు.

ఒక మగ్రిబ్ వేళ మా చిన్నది, ఏడో తరగతి, ఒక సంగతి పట్టింది. రన్‌వే 27 అంటే దిశ 270 డిగ్రీల దగ్గర, పడమర. మన దగ్గర నుంచి కిబ్లా సుమారు 283. "అయితే ఈ విమానాలన్నీ దాదాపు కిబ్లా రుఖ్‌లోనే దిగుతున్నయి కదా అబ్బా, కొంచెమే కుడికి తిప్పాలె" అంది. ముసల్లా పరిచే దిక్కుకు, పైలట్ ముక్కు సూటికి తేడా పది పన్నెండు డిగ్రీలు. గాలి తూర్పు నుంచి వీచే రోజుల్లో విమానాలు ఎదురు దిక్కున, 09 మీద దిగుతాయి. పదిహేనేళ్ళుగా మిద్దె మీద నిలబడి చూస్తున్నా, విమానం ఎందుకు ఒకరోజు అటు నుంచి, ఒకరోజు ఇటు నుంచి వస్తుందో నేను అడగనే లేదు.

చార్టులో నన్ను అన్నిటికంటే ఆపింది ఒక చిన్న పేరా. దిగలేకపోతే ఏం చేయాలన్నది. దాన్ని మిస్డ్ అప్రోచ్ అంటారు. ఇంత ఎత్తుకు ఎక్కు, ఇటు తిరుగు, అక్కడికి పోయి చక్కర్లు కొడుతూ ఉండు అని ముందే రాసి ఉంటుంది. మావాడు చెప్పిందేమంటే, పైలట్లు దిగడం మొదలుపెట్టక ముందే దీన్ని ఒకరికొకరు పైకి చదువుకోవాలి. కిందికి వచ్చాక చదువుదామంటే కుదరదు. దిగలేకపోవడం నామోషీ కాదని, అది కూడా ఒక దారేనని ఆ కాగితం ముందే ఒప్పుకుంటుంది. మన ఇళ్ళల్లో పిల్లల ఎంట్రన్సులకు అలాంటి పేరా ఒక్కటైనా రాసి పెడుతున్నామా?

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి ఆడతారు. వాడు నడుపుతాడు, అది పక్కన కూర్చుని ఎత్తులు చదువుతుంది. ఒకరోజు వాడు బాగా ఎత్తుగా వచ్చేశాడు. "గో అరౌండ్ భాయీజాన్" అంది. వినలేదు. మళ్ళీ అంది. "ఆగు, నాకు తెలుసు" అన్నాడు. విమానం రన్‌వే సగం దాటాక నేల తాకి చివర నుంచి జారిపోయింది. తెర మీదే కదా అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. ఇద్దరినీ కూర్చోబెట్టి మంగళూరు సంగతి చెప్పాను. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం అక్కడి గుట్ట మీది రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. విమానం ఉండాల్సిన దారి కన్నా చాలా ఎత్తుగా వచ్చిందని, గో అరౌండ్ అని కో-పైలట్ చెప్పినా కెప్టెన్ దిగడం ఆపలేదని విచారణలో తేలింది. ఆ విమానంలో ఉన్నది మనలాంటి వాళ్ళే. గల్ఫ్‌లో రోజీ చేసుకుని సెలవు మీద ఇంటికి వచ్చేవాళ్ళు. మన కడప, మన కరీంనగర్, మన పాతబస్తీ జనం ఎక్కే విమానాల్లాంటిదే. చిన్నవాళ్ళ మాట, పక్కన కూర్చున్నవాళ్ళ మాట పెద్దవాడు వినకపోతే ఏమవుతుందో ఆ రిపోర్టులో ఉంది. ఇప్పుడు మా ఇంట్లో ఖాయిదా ఏమంటే, చిన్నది గో అరౌండ్ అంటే వాడు పైకి లేవాల్సిందే. సవాల్ తర్వాత.

దిగడం ఎంత కష్టమో మన తారీఖ్‌లోనే ఒక కిస్సా ఉంది. తొమ్మిదో శతాబ్దంలో అందలూసియాలో, కుర్తుబా నగరంలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని గాల్లోకి దూకాడని చరిత్రకారుడు అల్-మక్కరీ రాశాడు. కొంత దూరం ఎగిరాడట, దిగేటప్పుడు మాత్రం వీపుకు దెబ్బ తగిలిందట. పక్షులు దిగేటప్పుడు తోకను వాడతాయన్న సంగతి అతను పట్టించుకోలేదని చెప్పుకున్నారు. జల్సాల్లో మనం అతని ఎగరడం గురించి ఫఖర్‌గా చెప్పుకుంటాం. ఆ దెబ్బ గురించి చెప్పుకోం. నేర్చుకోవాల్సింది ఆ దెబ్బలోనే ఉంది.

ఇక మీ సవాళ్ళకు వస్తాను. ఒకటి, "ఇదంతా ఆటే కదా, టైం ఖరాబ్." కొంత నిజం. సిమ్యులేటర్ ముందు ఎన్ని వందల గంటలు కూర్చున్నా లైసెన్స్‌లో ఒక్క నిమిషం కూడా జమ కాదు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, పద్దెనిమిదేళ్ళు నిండాలి, నిజం విమానంలో 200 గంటలు ఎగరాలి. ఖర్చు పదుల లక్షల్లో ఉంటుంది. మీ పిల్లాడు పైలట్ అవుతాడని ఆశపెట్టి ఇల్లు అమ్మించే పని నేను చేయను. ఇంట్లో ఆటకు వాడే చార్టుతో నిజం విమానం నడపకూడదన్నది కూడా పిల్లలకు తెలియాలి. చార్టులు 28 రోజులకొకసారి సవరిస్తూ ఉంటారు. పాతది పనికిరాదు.

కానీ కాక్‌పిట్ ఒక్కటే మంజిల్ కాదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ నౌకరీ ఉంది. శంషాబాద్‌ను ప్రైవేటు కంపెనీ నడిపినా టవర్‌లో కూర్చుని విమానాలకు దారి చెప్పేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులే. దానికి ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ గానీ, ఇంజనీరింగ్ గానీ చదివి పోటీ పరీక్ష రాయాలి. పదుల లక్షలు అక్కర్లేదు. మన కాలేజీల్లో బీఎస్సీ చదివే అమ్మాయిలు, అబ్బాయిలు ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఇక కాక్‌పిట్టే కావాలన్న పిల్లలకు సయ్యదా సల్వా ఫాతిమా పేరు చెప్పండి. పాతబస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి కూతురు. దాతల సాయంతో ఏవియేషన్ అకాడమీలో చేరి కమర్షియల్ పైలట్ లైసెన్స్ సాధించింది. "మనవాళ్ళకు ఇవన్నీ ఎక్కడివి" అనే మాటను ఆమె ఎప్పుడో కొట్టిపారేసింది.

రెండో సవాల్, మా అమ్మీ అడిగింది. "అంతా మంచిదే గానీ, రేపు ఎవడన్నా షక్ చేస్తే?" ఆమె తస్బీ తిప్పుతూ అడిగిన ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎవరూ షక్ చేయరని అబద్ధం చెప్పను. కానీ చార్టు నాకు ఒక తరీఖా చూపించింది. దారిలో కొండ ఉంటే చార్టు దాన్ని చెరిపేయదు, కొండ ఉంది కాబట్టి ప్రయాణం మానుకోమని కూడా అనదు. ఎంత ఎత్తో రాసి, దాని పక్కనుంచి దారి గీస్తుంది. పిల్లలకు నేను చెప్పేది అదే. లోకంలో షక్ ఉంది. అది నీ తప్పు కాదు. దాని ఎత్తు ఎంతో తెలుసుకుని నీ దారిన నువ్వు పో.

దానికి మా ఇంట్లో కొన్ని ఖాయిదాలు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి. చార్టులు సర్కారు ప్రకటించిన చోట నుంచే తీసుకోవాలి, ఎవరో గ్రూపులో పంపింది కాదు. చదివేది హాల్లో, అందరి ముందూ, తలుపు మూసుకుని కాదు. ఎవరన్నా అడిగితే తడబడకుండా ఇది ఏంటో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. ఎయిర్‌పోర్టు గోడ దగ్గర ఫోటోలు, వీడియోలు వద్దు. ఇజాజత్ లేకుండా డ్రోన్ ఎగరేయడం, విమానాల మీదికి లేజర్ లైటు కొట్టడం నేరం, పైగా పైలట్ కళ్ళకు ప్రమాదం. ఇవి ముస్లిం పిల్లలకే కాదు, ఎయిర్‌పోర్టు పక్కన ఉండే ఏ పిల్లలకైనా ఉండాల్సిన అదబ్. "మనమే ఎందుకు ఇంత జాగ్రత్తగా ఉండాలె?" అని మావాడు కోపంగా అడిగాడు. ఆ కోపం సరైనదే. జాగ్రత్త వేరు, దాచుకోవడం వేరు అని మాత్రం చెప్పాను. బీరువాలో పెట్టిన రోజు నేను చేసింది రెండోది.

ఇంకొక మాట. మా చుట్టుపక్కల ఎంతోమందికి ఎయిర్‌పోర్టు అంటే గోడ బయటి వ్యవహారం. క్యాబ్ నడపడం, ట్రాలీలు తోయడం, క్యాంటీన్లో గిన్నెలు కడగడం. హలాల్ రోజీ, ఏ పనీ తక్కువది కాదు. అయినా వేల ఎకరాల మన పొరుగు నేల మీద వచ్చిన ఆ జాగాలో 4260 మీటర్ల రన్‌వే ఉందని, దాని మీదికి దారి ఇలా గీశారని, దాన్ని నేను చదవగలనని మన గల్లీ పిల్లాడు ఒకడు చెప్పగలిగితే ఆ గోడ అంత మేర తగ్గినట్టు కాదా? డబ్బులు లేకపోతే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఉంది, పూర్తిగా ఉచితం. పాత కంప్యూటర్ ఒకటుంటే మొదలుపెట్టొచ్చు. మస్జిద్ కమిటీలు, మన యూత్ అసోసియేషన్లు సెలవుల్లో ఖిరాత్ పోటీలతో పాటు ఒక కంప్యూటర్ పెట్టి ఇది కూడా నేర్పిస్తే ఏం పోతుంది?

ఆ తర్వాత ఒక పని చేశాను. మావాడిని వెంటబెట్టుకుని అదే జిరాక్స్ షాపుకు పోయాను. కొత్త చార్టు ప్రింటు తీయించాలి, పాతది గడువు దాటింది. ఈసారి ఆయన అడగక ముందే మావాడు కౌంటర్ మీద కాగితం పరిచి చెప్పడం మొదలుపెట్టాడు. ఇది రన్‌వే, ఇది దిగే గీత, ఇది సర్కారు ఇచ్చిందే అంకుల్ అని. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు. మన మజ్హబ్ ఆయన కాదు. నా చేతులు కొంచెం చెమటపట్టిన మాట నిజం.

"మా బామ్మర్ది దుబాయ్ నుంచి శుక్రవారం వస్తుండు. ఆ ఫ్లైట్ గూడ ఈ గీత మీదికెల్లే వస్తదా?" అనడిగాడు.

"గాలి పడమర నుంచి ఉంటే ఔను అంకుల్" అన్నాడు మావాడు. వెంటనే పెన్ను తీసుకుని, తూర్పు గాలి ఉంటే ఎటునుంచి వస్తుందో కాగితం వెనక గీసి చూపించడం మొదలుపెట్టాడు. షాపులో ఇంకో ఇద్దరు వంగి చూస్తున్నారు. నేను ప్రింటుకు డబ్బులిచ్చి పక్కకు నిలబడ్డాను.